నాచారంలో విక్టోరియా వసారా

సువార్తమ్మ పోయిన తరువాత ఆమె పడుకున్న ఇనుప మంచాన్ని నర్సింగ్ హోమ్‌కు తిరిగి పంపేశారు. నాలుగేళ్లు ఒకే చోట ఉన్న మంచం. అది లేచిపోయాక వసారాలో షాబాదు బండల మీద నాలుగు తుప్పు మచ్చలు మిగిలాయి. కూతురు విక్టోరియా చింతపండు పెట్టి తోమింది, ఇసుక పోసి రుద్దింది. మచ్చలు పోలేదు.

విక్టోరియాకు అప్పటికి ముప్పై ఆరేళ్లు. అంబర్‌పేటలోని ఆ నర్సింగ్ హోమ్‌లోనే ఆయాగా పనిచేసేది. తండ్రి జ్ఞానయ్య మెదక్ దిక్కు మిషన్ ఆసుపత్రిలో వంటవాడు. ఆయన పోయాక తల్లిని, తమ్ముణ్ణి తీసుకుని పట్నం వచ్చి, నాచారంలో రేకుల ఇల్లు అద్దెకు తీసుకుంది. ఒక గది, వెనక వంటిల్లు, ముందు చాపెడు వసారా. తమ్ముడు ఏలియాకు రైల్వేలో పని దొరికి కాజీపేటకు వెళ్లాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు. విక్టోరియాకూ రెండు మూడు సంబంధాలు వచ్చాయి. పక్షవాతంతో ఉన్న తల్లిని ఎవరు చూసుకుంటారన్న మాట దగ్గర అన్నీ ఆగిపోయాయి.

మంచం వసారాలో వేయమన్నది సువార్తమ్మే. లోపల గోడలు చూస్తూ పడుకోలేనన్నది. బజారులో వెళ్లే వాళ్లంతా ఆమెను పలకరించేవాళ్లు. "ఏం సువార్తమ్మా, పాణమెట్లుంది?" అని ఒకరు, "జర కల్లు పంపమంటవా?" అని నవ్వుతూ ఇంకొకరు. ఆ మాటలన్నీ తమ ఇంటికి వచ్చే మాటలని విక్టోరియా అనుకునేది. తల్లి పోయాక ఎవరూ ఆగలేదు. అవి తల్లికి వచ్చిన మాటలని అప్పుడు తెలిసింది.

సాయంత్రం పని నుంచి వచ్చి తాళం తీస్తుంటే ముందుగా ఆ మచ్చలే కనపడేవి. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఉప్పల్‌లో కుమ్మరి దగ్గర ఆగి నాలుగు కుండీలు తెచ్చుకుంది. ఒక్కో మచ్చ మీద ఒక్కో కుండీ పెట్టింది. అప్పటికి వాటిలో వేయడానికి మొక్కలు కూడా లేవు. ఉత్త మట్టి నింపి, నీళ్లు చల్లి, లోపలికి వెళ్లి పడుకుంది.

మొక్కలు మెల్లగా వచ్చాయి. నర్సింగ్ హోమ్ తోటమాలి క్రోటన్ కొమ్మలు విరిచి ఇచ్చాడు. కనకాంబరం విత్తనాలు ఆమె స్వయంగా ఏరుకొచ్చింది. నాలుగు కుండీల మధ్య ఖాళీ బోసిగా అనిపించి డాల్డా డబ్బాలకు ఆకుపచ్చ రంగు వేసి నిలబెట్టింది. మందు సీసాలు కడిగి, మెడకు తీగ చుట్టి, రేకుల కింది కర్రకు వేలాడదీసి వాటిలో మనీప్లాంటు పెట్టింది. గోడకు కింద ఎర్రమట్టి జాజు పూసి, పైన సున్నంతో చుక్కలు పెట్టింది. తల్లి పాత చీరను కత్తిరించి దర్వాజకు పరదా కుట్టింది. రెండేళ్లు గడిచేసరికి ద్రాక్షతోటలకు వెళ్లే కూలీలు కూడా ఆ ఇంటి ముందు ఒక్క క్షణం నడక తగ్గించేవాళ్లు. చూసేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

నర్సింగ్ హోమ్‌లో కాన్పుకు చేరిన ఆడవాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు, "ఆయమ్మా, ఒకపారి మీ ఇంటికొస్తం" అనేవాళ్లు. ఇల్లెక్కడో అడిగేవాళ్లు కూడా. విక్టోరియా గుర్తులు చెప్పేది. ఆదివారాలు పాలు కాస్త ఎక్కువే తీసుకునేది.

అరవై ఏడులో, ఎండలు ముదరక ముందు, ఒక ఆదివారం రెండు రిక్షాలు వచ్చి ఇంటి ముందే ఆగాయి. ఇద్దరు మగవాళ్లు, ఒక నడివయసు ఆవిడ, ఒక ముసలావిడ దిగారు. మగవాళ్లలో పెద్దాయన, "పూలకుండీల ఇల్లన్నారుగా, ఇదే" అంటూ మెట్టెక్కాడు. ఎవరో కాన్పు తాలూకు వాళ్లు నిజంగానే వచ్చారని విక్టోరియా అనుకుంది. చాప పరిచింది. లోపల ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేసింది.

"కూసోండి, కూసోండి. ఎండల వచ్చిన్రు. చాయ్ పెడుత."

ముసలావిడ కుర్చీలో కూర్చోలేదు. కుండీల పక్కన నేల మీదే కూర్చుని క్రోటన్ ఆకును వేళ్లతో తడిమింది. "ఎంత ముచ్చటగా పెట్టుకున్నారమ్మా! మా అంబర్‌పేట మేడ మీద పిడికెడు మట్టి లేదు," అన్నది. మాట గోదావరి వైపు మాట.

వంటింట్లో పాలు కాస్తుండగా బయటి మాటలు వినిపించాయి. పెద్దాయన పేరు గంగాధరరావు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో పని. వెంట ఉన్న కొడుక్కు పిల్లను చూడడానికి వచ్చారు. ముసలావిడ ఆయన తల్లి, పేరిందేవమ్మ. నడివయసు ఆవిడ భార్య. "ఇల్లు ఇంత పొందికగా ఉంచుకున్నారంటే పిల్ల గురించి వేరే చెప్పాలా?" అంటున్నది ముసలావిడ.

విక్టోరియాకు అర్థమైంది. వెనక వీధిలో సీతారామయ్యకు పెళ్లీడు కూతురుంది, అరుణకుమారి. వాళ్ల ఇంటి ముందు కూడా రెండు బంతి మొక్కల కుండీలున్నాయి. రిక్షావాళ్లు ఇల్లు పొరబడ్డారు. బయటికి వెళ్లి ఆ మాట చెప్తే చాలు, వాళ్లు లేచి వెళ్లిపోతారు.

చాయ్ గ్లాసుల్లో పోసింది. తీసుకెళ్లి ఇచ్చింది. వాళ్లు తాగుతుంటే దర్వాజకు ఆనుకుని నిలబడి చూసింది. గంగాధరరావు అల్లం బాగా పడిందన్నాడు. పేరిందేవమ్మ ఇంకో గుక్కెడు అడిగి పోయించుకుంది. అంతా తాగాక, ఆమె గ్లాసు కింద పెట్టి, "ఏదమ్మా, మీ అమ్మాయిని పిలు" అన్నది.

"అమ్మాయి ఈ ఇంట్ల లేదమ్మా. మీరు పోవల్సిన ఇల్లు వెనక గల్లీల ఉన్నది. సీతారామయ్య గారిల్లు. నేను తోల్కపోత రాండ్రి."

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భార్య గబుక్కున లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పరదా సందులోంచి లోపలి గోడ మీది సిలువ అప్పుడు కనపడింది ఆమెకు. "ముందే చెప్పొచ్చుగా," అన్నది. పేరిందేవమ్మ మాత్రం లేవడానికి చెయ్యి అందించమని విక్టోరియానే అడిగింది.

వాళ్లను ఆ ఇంటిదాకా తీసుకెళ్లి వదిలి వచ్చింది. సంబంధం కుదరలేదు. ఎందుకు కుదరలేదో పెళ్లివారు చెప్పలేదు. సీతారామయ్య భార్య రత్నకుమారి మర్నాడు పొద్దున్నే బజారులో నిలబడి అరిచింది.

"మా ఇంటికొచ్చే సుట్టాలను నువ్వెట్ల కూసోబెట్టుకుంటవే? చాయ్ తాపిచ్చి తోలుతవా? దారిన పోయేటోళ్లను పిల్సుకునెతందుకే పెట్టినవ్ గీ షోకులన్ని!"

విక్టోరియా చెంబుతో నీళ్లు పోస్తున్నది. పోస్తూనే ఉంది. కుండీ నిండి నీళ్లు బండల మీదికి పారాయి.

"తప్పయిందమ్మా," అన్నది చివరికి.

ఆ తరువాత బజారులో ఉన్న కొద్దిపాటి పలకరింపు కూడా పోయింది. పంపు దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్లు మాటలు ఆపేవాళ్లు. సీసాలు దించేద్దామని ఒకసారి స్టూలు ఎక్కింది. మనీప్లాంటు వేళ్లు సీసా నిండా అల్లుకుని ఉన్నాయి. దిగి, స్టూలు లోపల పెట్టేసింది.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం రిక్షా ఆగింది. ఈసారి పేరిందేవమ్మ ఒక్కతే దిగింది. చేతిలో చిల్లిపడ్డ ఇత్తడి చెంబు.

"ఇందులో ఒక కొమ్మ పెట్టివ్వమ్మా. మేడ మీద కిటికీలో పెట్టుకుంటాను," అన్నది. మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. "నిజం చెప్పనా? కొమ్మ కోసం కాదు. పొద్దుగూకులూ మా వాడు ఆఫీసు, కోడలు ఇరుగమ్మలతో. నాకు మాట్లాడ్డానికి మనిషి లేదు. ఆ రోజు నువ్వు చాయ్ ఇచ్చి నిలబడి చూశావు చూడు, నీకూ లేరని అనిపించింది."

విక్టోరియా చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లి, వంటింట్లో కాసేపు నిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుని వచ్చింది.

పేరిందేవమ్మ ప్రతివారం రాలేదు. వీలు దొరికినప్పుడు, కొడుకు రిక్షా పిలిచి ఎక్కించినప్పుడు వచ్చేది. తణుకు దగ్గర తమ ఊళ్లో పెరడు ఎంత ఉండేదో చెప్పేది. ఏ మొక్కను ఏ నెలలో కత్తిరించాలో చెప్పేది. కనకాంబరాలు కోసి ఇద్దరూ చెరో దండ కట్టేవాళ్లు. విక్టోరియా తన దండను ముడుచుకోవడం అలవాటు లేక సిగ్గుపడేది. "పెట్టుకో, ఎవరేమంటారు?" అని ముసలావిడే జడలో తురిమేది. విక్టోరియా తన తల్లి గురించి, చెడిపోయిన సంబంధాల గురించి, ఎన్నడూ ఎవరికీ చెప్పనివి ఆమెకు చెప్పింది. ఇలా దాదాపు రెండేళ్లు గడిచాయి. అంబర్‌పేటలో ఇల్లెక్కడని అడిగితే, "బియ్యం కొట్టు పైన మేడ. నువ్వు రావద్దులే, మా కోడలి నోరు మంచిది కాదు" అని నవ్వేది.

అరవై తొమ్మిదిలో ఊరంతా ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. బస్సులు ఆగిపోయాయి, కర్ఫ్యూలు పెట్టారు. విక్టోరియా చాలా రోజులు నర్సింగ్ హోమ్‌లోనే పడుకోవలసి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి కనకాంబరాలు సగం ఎండిపోయాయి. వర్షాలు వచ్చాయి, గొడవలు కొంత సద్దుమణిగాయి. ముసలావిడ రాలేదు. ఇంకో నెల చూసింది.

ఒకనాడు పని అయ్యాక అంబర్‌పేట బజారంతా తిరిగి బియ్యం కొట్టు పైన మేడ ఎక్కింది. తలుపు తీసిన ఆవిడ కొత్త మనిషి. కింద కొట్టాయన, అబ్బయ్య అనే ముసలాయన, సంగతి చెప్పాడు.

"గంగాధరరావు సార్‌కు బెజవాడ బదిలీ అయింది బిడ్డా. అయిందో, గీ లొల్లికి భయపడి తానే చేయించుకున్నడో. ఒక్క దినంల సామాను కట్టిన్రు. ముసలమ్మ అయితే నాచారం పోయొస్త, ఒక్కపారి పోయొస్త అని నా కొట్టు ముందట్నే కూసోని ఏడ్సింది. బస్సులేడియి? రిక్షావోడు సుత రానన్నడు."

"బెజవాడల ఏడ ఉంటరో ఎర్కేనా తాతా?"

"నాకెర్క లేదు. ఆ ఆపీసుల అడుగు, చెప్తరేమో."

ఆఫీసు ఏదో ఆమెకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ముసలావిడతో మాటల్లో ఆ ఊసే రాలేదు. ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగి నాచారం దాకా నడిచింది. ఇంటికి చేరాక తాళం తీయలేదు. సంచీ పక్కన పెట్టి మెట్టు మీద, బజారు వైపు ముఖం పెట్టి కూర్చుంది. ఇన్నేళ్లలో తన వసారాలో తాను ఖాళీగా కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ నీళ్లు పోయడం, ఊడవడం, తుడవడం, లోపలికి పోవడమే.

తరువాత కూడా అలా కూర్చోవడం మానలేదు. మొదట్లో దారిన పోయేవాళ్లు వింతగా చూశారు. తరువాత అలవాటు పడ్డారు. డెబ్బై ఒకటిలో కాన్పుకు పుట్టింటికి వచ్చిన అరుణకుమారి, నిండు కడుపుతో మెల్లగా నడుస్తూ ఒక సాయంత్రం ఆమె ముందు ఆగింది.

"ఎవరికోసం సూస్తున్నవ్ అక్కా?"

"ఎవరికోసం గాదమ్మా. ఊకె గూసున్న."

"మా అమ్మ నిన్ను గన్ని మాటలన్నది. నాకు ఆ సంబంధం ఇష్టమే లేకుండె అక్కా. నీకెప్పుడన్న చెప్పాలనుకున్న."

"పోనీ తియ్యి. ఎన్నో నెల?"

"తొమ్మిది పడ్డది."

"నొప్పులొస్తే రాత్రయినా సరే, నన్ను పిలువున్రి. దవాఖానాకు నేనొస్త."

అరుణకుమారి తల ఊపి మెట్టు వైపు చూసింది. నడుము నొప్పిగా ఉందని, కూర్చుంటే మళ్లీ లేవలేనని చెప్పి వెళ్లిపోయింది. విక్టోరియా ఆమె మలుపు తిరిగేదాకా చూసింది. అవతల కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో సైరన్ మోగింది. షిఫ్టు దిగిన మనుషులు గుంపులుగా వస్తున్నారు. ఆమె కాళ్లు దగ్గరికి తీసుకుని, వాళ్లకు దారి వదిలి, అలాగే కూర్చుంది.