నా గుట్కా మాన్పించిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసింది. మొయినాబాద్‌లో చిలుకూరు పోయేవాళ్లను ఆటో ఎక్కించుకుంటుండగా ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, గుండెలో కాస్త తేలికగానూ అనిపించింది. చెప్పాల్సిన మాట ఆమెకు చెప్పగలిగాను. ఆ మాటేమిటో మీకూ చెబుతాను.

పదిహేనేళ్లు గుట్కా నమిలాను. రెండేళ్ల కిందట చేవెళ్లలో డాక్టరు నా చెంప లోపల తెల్ల మచ్చ చూసి, "ఇప్పుడే మానేస్తే తగ్గొచ్చు. మానకుంటే క్యాన్సరైనా కావొచ్చు" అన్నాడు. ఇంటికొచ్చి నా బిడ్డ మీద ఒట్టు పెట్టాను. మూడో రోజుకే తప్పాను. ఆ సిగ్గుతో ఇంకో పొట్లం చించాను.

చేమంతి తోటలో పూలు కోస్తున్న పెద్దమ్మ దగ్గర ఇదంతా వెళ్లబోసుకున్నాను. నన్ను నేను తిట్టుకుంటుంటే ఆమె ఆపింది.

"తిట్టుకుంటే మనసు ఇంకింత చిన్నగైతది బిడ్డా. గప్పుడే అది పొట్లం అడుగుతది. ఇయ్యాల నీకు ఎవలన్న మంచి చేసిండ్రా, అది చెప్పు."

"ఆటో నడిపేటోనికి ఎవలు చేస్తరు పెద్దమ్మా?"

"జర యాది చేస్కో."

గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఎండలో టైరు మారుస్తుంటే, ఆటోలో వచ్చిన ముసలవ్వ నా తలకు తన కొంగు అడ్డం పట్టింది. అదంతా పెద్దమ్మకు చెప్పాను. ఆ సాయంత్రం పొట్లం సంగతే గుర్తు రాలేదు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆమె పూలగంపల దగ్గర కూర్చునేవాణ్ణి. చెయ్యి జేబులోకి పోయినప్పుడల్లా, ఇవాళ పెద్దమ్మకు ఏం చెప్పాలా అని వెతుక్కునేవాణ్ణి. చాలాసార్లు ఆ యావ చల్లారేది. ఎనిమిదో నెలలో మాత్రం ఒక పెళ్లిలో మళ్లీ నమిలాను. తల దించుకుని వెళ్తే ఆమె నవ్వింది.

"ఎనిమిది నెలలు ఆగినోనివి నువ్వే గదరా! గంత చేసినోనికి రేపొక్కదినం ఎంత?"

నిజమే కదా అనిపించింది. నా మీద నాకు మొదటిసారి గర్వం కలిగింది. మళ్లీ ముట్టలేదు.

ఆమె పోవడానికి వారం ముందు, మచ్చ పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పాడు. ఆటో నేరుగా ఆమె ఇంటికే తిప్పాను. అప్పటికి ఆమె మంచం పట్టి నెలైంది.

"పెద్దమ్మా, ఇంక ఫికర్ లేదంట. అంత నీ పుణ్యమే."

"నాదేమున్నదిరా. ఏదీ, నోరు తెరువు."

తెరిచాను. ఆమె మోచేతి మీద లేచి, కోడలి ఫోన్ లైటు వేయించుకుని, వేలితో నా చెంపను పక్కకు లాగి, కళ్లు చికిలించి చాలాసేపు వెతికింది. ఏమీ కనిపించలేదు. పళ్లులేని ఆమె నోరు మెల్లగా విచ్చుకుంది. ఆ వెలుతురు ఇద్దరి మొహాల మీదా పడుతోంది.