దింపుడు బండ

వాన వెలిసినప్పుడు మా గల్లీ అంతా తడి సిమెంటు వాసనే. గల్లీ చివర, భజన మందిరం ముందున్న రెండు వరుసల షాబాద్ బండల దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఎండకు కాగిన రాయి మీద చినుకు పడ్డ వాసన ముక్కుకు తగిలి కాళ్లు ఆగిపోతాయి.

చేవెళ్ల దగ్గరి మా ఊళ్లో నా చిన్నప్పుడు గల్లీ మొత్తం ఆ బండలే. ఎండాకాలం అరికాళ్లు కాలుతుంటే గోడల నీడ పట్టుకుని గెంతేవాళ్లం. వానాకాలం జారిపడి మోచేతులు గీరుకునేవాళ్లం. బతుకమ్మ నాళ్లలో తంగేడు రేకులు సందుల్లో చేరి పచ్చని గీతలు పడితే, వాటి పక్కనే కూర్చుని మలీద ముద్దలు తినేవాళ్లం. శ్రావణ శనివారాల్లో తాత చిడతలతో ముందు నడిస్తే మేం వెనక అడుగు కలిపేవాళ్లం. నాకు వచ్చిన భాగవత పద్యాలన్నీ ఆ నడకలో వచ్చినవే.

చివరి బండ మీద మాత్రం అవ్వ గోలీలు ఆడనిచ్చేది కాదు. "అది దింపుడు బండ బిడ్డా. లే, అవుతలికి పో." శ్మశానానికి పోయే పాడెను దాని మీద దింపి, ప్రాణం తిరిగొస్తుందేమోనన్న ఆఖరి ఆశతో చెవిలో పిలిచేవారు. తాతను దింపినప్పుడు బాపు వంగి "నాయినా, నాయినా" అన్నాడు. తాత లేవలేదు.

ఊరి భూముల్లో సగం ఉన్న పటేలు సిమెంటు రోడ్డు వేయించి, తవ్విన బండలన్నీ అజీజ్‌నగర్‌లో తను కట్టే ఫామ్‌హౌస్‌కు తోలించుకున్నాడు. అడ్డుపడిన బాపును చూసి, "రాళ్ల కోసం ఏడ్చేటోన్ని నిన్నే చూసిన" అని నలుగురిలో నవ్వాడు. ఆ మాట మింగిన బాపు ఏడాది తిరక్కముందే పోయాడు. బాపును సిమెంటు మీద దింపి పిలిచాను. క్షమించమని చదివిన గ్రంథాలన్నీ చెప్పాయి. నేను వినలేదు.

గృహప్రవేశానికి పటేలు మా భజన బృందాన్నే పిలిచాడు. గేటు నుంచి గడప దాకా మా గల్లీ పరిచి ఉంది. నేను గేటు బయటే నిలబడ్డాను.

"ఏమాయె, ఆగినవ్?" అన్నాడు పటేలు.

"గిండ్ల దింపుడు బండ ఉన్నది పటేలా. ఊరి పీనుగులన్నీ దాని మీదనే దింపినం. తొక్కుకుంట ఎట్ల రావాలె?"

పటేలు ఇంటివాళ్ల దహనాలు వాళ్ల పొలంలోనే జరిగేవి. ఆయనకు ఆ బండ సంగతే తెలియదు. చుట్టాలు ఒక్కొక్కరే గడ్డి మీదకు జరిగారు. హారతి పట్టుకున్న కోడలు లోపలికి పోయింది.

"ఏదో చూపియ్యి. తీసి పారేపిస్త."

"అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. నాకేం ఎరుక?"

గడప ముందున్నదే అది. విరిగిన మూలతో సహా గుర్తుపట్టాను. మా బృందంలో ఒక్కరూ నోరు విప్పలేదు. అశ్వత్థామ పేరుతో అబద్ధమాడాక ధర్మరాజు రథం నేలకు దిగిందంటారు. నాకు రథం లేదు.

మర్నాడు బండలన్నీ ట్రాక్టర్ల మీద తిరిగొచ్చాయి. సిమెంటు లేని చోట రెండు వరుసలు పరిచాం, దింపుడు బండను మాత్రం సిమెంటు పగలగొట్టి దాని పాత చోటే పెట్టాం. మిగిలినవి ఊరి బయట కుప్పగా ఉన్నాయి.

ఇప్పుడు పాడెలు లేవు. శవాలు వ్యానులో, ఆ బండ దగ్గర ఆగకుండానే పోతున్నాయి. పటేలు ఈ గల్లీకి రాకుండా చుట్టు తిరిగి పోతాడు. కానీ ఆయన పొలం ప్లాట్లయింది. రేపు ఆయనకూ ఇదే దారి. రోజూ భజనకు ముందు నేను ఆ బండ కడుగుతాను. ఆయన వ్యాను వచ్చిన రోజు అడ్డం నిలబడి దింపిస్తాను. వంగి చెవిలో పిలుస్తాను, ఆయన పేరుతో కాదు, మా బాపు పేరు పెట్టి.