నారాయణప్ప అనే కంప్యూటరు

కొండాపూర్‌లో మా పక్కింటి నారాయణప్పకు పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా తీరని కోరిక ఒకటుండేది. భార్య ఈశ్వరమ్మ నోట తన పేరు ఒక్కసారి వినాలి. వాళ్లది అనంతపురం వైపు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. రేషన్ షాపులో ఇంటాయన పేరు అడిగినా కూతురు నవ్యను ముందుకు తోసేది. 'ఇదో', 'నవ్య వాళ్ల నాయన', కోపమొస్తే 'ఈ మనిషి'. పాపం, ఇంతకుమించి ఆయనకు దక్కలేదు.

రిటైరయ్యాక, తొంభై తొమ్మిదిలో, ఆయనకు కంప్యూటర్ల పిచ్చి పట్టింది. అప్పటి సైబరాబాదు గాలి అలాంటిది. హాల్లో విండోసుది, వంటింటి పక్కన మూతబడ్డ ప్రెస్సువాళ్ల పాత మ్యాకు, పడకగదిలో లైనక్సు డబ్బా. మూడింటినీ వైర్లతో కలిపి, మనుషులు వంగి నడవాల్సిన ఇల్లు చేశాడు. ప్రింటరు పడకగది డబ్బాకే ఉంది. ప్రతి కంప్యూటరుకూ అంకెల చిరునామా ఉంటుంది, అది ఎవరికీ గుర్తుండదు. ఏ అంకెలకు ఏ పేరో మూడింటిలోనూ ఒక చిన్న ఫైలులో రాసిపెడితే, ఆ తర్వాత పేరు కొడితే చాలు. ఈ సంగతి తెలియగానే నారాయణప్పకు బుర్ర వెలిగింది. ప్రింటరున్న డబ్బాకు తన పేరే పెట్టాడు.

ఈశ్వరమ్మ చెనిక్కాయ పొడి, అంటే వేరుశనగ పొడి, చేసి హాస్టలు పిల్లలకు అమ్మేది. ప్యాకెట్ల మీది లేబుళ్లు ఆ ప్రింటరులోంచే రావాలి.

"ఇంగ ప్రింటు కావాలంటే దాన్ని పేరు పెట్టి పిలవల్ల. నోటితో పలుకుతా కొట్టల్ల," అన్నాడు. రెండో మాట పచ్చి అబద్ధం.

"నా చేతులేమన్నా పడిపోయినాయా? రాసుకుంటా పోండి," అంది ఆవిడ. నిజంగానే లేబుళ్లన్నీ చేత్తో రాసింది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. నాకు జాలీ వేసేది, నవ్వూ వచ్చేది.

ఒక ఆదివారం పెద్ద ఆర్డరు వచ్చింది. చేత్తో రాస్తే తెమలదని ఈశ్వరమ్మ నవ్యను హాల్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. పొడి కోసం వచ్చిన ఎదురింటి సక్కుబాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నవ్య ప్రింటరు డబ్బా పేరు కొట్టి, తెర మీద వచ్చిన ఇంగ్లీషును తెలుగులో చెప్పింది.

"అమ్మా, నారాయణప్ప ఎవరో తెలీదంటాది."

జరిగింది ఏమీ లేదు. ఆయన ఆ ఫైలు రెండు కంప్యూటర్లలో రాసి, మూడోదాన్ని, అంటే ఈ హాల్లోదాన్ని, మరిచిపోయాడు. కానీ ఈశ్వరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"తెలీదా? ఆయనింట్లో కూర్చోని, ఆయన కరెంటు తాగుతా, తెలీదంటాదా?"

"ఎవర్నక్కా తెల్వదంటున్నది?" అంది సక్కుబాయి.

"ఎవర్నంటావేంది! నారాయణప్పను! నా మొగుడు నారాయణప్పను!"

వీధంతా వినబడింది. ఈశ్వరమ్మ నాలుక కరుచుకుని దేవుడి గదిలోకి పరిగెత్తి చెంపలేసుకుంది. నారాయణప్ప పడకగది గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఒక్క లైను రాస్తే సరిపోతుంది నాయనా," అంది నవ్య.

"రేపు రాస్తాలే."

ఇప్పటికీ రాయలేదు. లేబుళ్లు, ఆ పేరు తెలిసిన మ్యాకు నుంచి కొడితే వస్తున్నాయి. అయినా ప్రతి ఆదివారం ఈశ్వరమ్మ, దానికి ఇప్పుడైనా బుద్ధి వచ్చిందేమో చూడమని నవ్యను హాల్లోకి తోస్తుంది. తిట్లు మొదలవగానే, వాటిలో తన పేరు ఎక్కడ వినబడకుండా పోతుందోనని, పడకగదిలో నారాయణప్ప ఫ్యాను ఆపుకుని కూర్చుంటాడు.