తొండా గుడ్డేలుగూ

“దిగుతవా లేదా? ఊరంత నేనొక్కదాన్నే కూలగొట్టాల్నా?”

“జర ఆగరాదే. ఈడికెంచి మస్తు కనవడుతున్నది.”

మా ఆయనా నేనూ ఒకరితో ఒకరం చివరగా అనుకున్న మాటలు ఇవే. ఆదివారం మధ్యాహ్నం. ఇద్దరం మంచం మీద కూర్చుని టీవీలో ఆట ఆడుతున్నాం. నాది గుడ్డేలుగు, అంటే ఎలుగుబంటి, ఆయనది తొండ. మామూలువి కావు, ఒక్కొక్కటి మేడ కంటే ఎత్తు. నా గుడ్డేలుగు దుకాణాల మీదా వంతెనల మీదా పడి నుజ్జు చేస్తుంటే, ఆయన తొండ ఊళ్లో అన్నిట్లోకీ పొడుగాటి బిల్డింగు ఎక్కి, తోక వేలాడేసుకుని కూర్చుంది.

నేను అన్నం చూసి వద్దామని లేచాను. గంజి వంచి వచ్చేసరికి ఆయన గోడకు ఒరిగి ఉన్నాడు. రిమోట్ చేతిలోనే ఉంది. ముఖం మీద నవ్వు ఇంకా పోలేదు. నిద్రపోయాడనుకుని “ఓడగొట్టినవ్ గద మళ్ల” అన్నాను. దానికి జవాబు రాలేదు కాబట్టి ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోను.

ఆ ఆట మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఇది రాస్తున్న నా బిడ్డే తెచ్చింది. రాసేది తనే అని తన గురించి చెప్పకుండా ఊరుకోను. నాకు సంతకం వరకే వచ్చు, మిగతాదంతా తన చేతి రాత. మా బిడ్డ హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. వీడియో ఆటలు ఆడి, అవి ఎక్కడ తప్పుగా నడుస్తున్నాయో పట్టుకుని చెప్పడం తన కొలువు. ఆ సంగతి విన్న రోజు మా ఆయన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“ఆడుకుంటె జీతమిస్తరా? మరి గిన్నేండ్లు నాకెవ్వడు చెప్పలే?”

ఆ ఏడే బిడ్డ ఆట మిషిన్ కొనుక్కొచ్చి టీవీకి తగిలించింది. ఆట చాలా తేలిక. నలుగురు నాలుగు జంతువులను ఎంచుకుని ఒక పట్నంలో దిగాలి. ఒకరినొకరు కొట్టుకోవాలి. మధ్యలో ఏది కూలినా అడిగేవాడు లేడు. చివరిదాకా నిలబడ్డవాడు గెలిచినట్టు. మనుషులు తక్కువైతే మిగిలిన జంతువులను ఆట తనే ఆడిస్తుంది.

మొదటిరోజే నాకు మతి పోయింది. పెళ్లయిన నాటి నుంచీ నేను స్లాబులకు కాంక్రీటు మోసినదాన్ని. కట్టేటప్పుడు నడుం విరిగింది. కూల్చేటప్పుడు బొటనవేలు తప్ప ఏదీ కదిలించనక్కర్లేదు! లోకంలో ఇంత సుఖం ఉందని ఎవరికి తెలుసు? కంచాలు కడగడం మరిచిపోయి మరీ కూల్చాను.

మా ఆయన దారి వేరు. ఆయన టవర్ క్రేన్ నడిపినవాడు. కొత్తగూడ నుంచి తెల్లాపూర్ దాకా ఎన్ని బిల్డింగులు లేచాయో అన్నిటినీ పైనుంచి చూశాడు. పొద్దున ఎక్కితే మాపటికి దిగేవాడు. మోకాళ్లు పోయాక తెల్లాపూర్‌లో ఒక కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం ఒప్పుకున్నాడు. గేటు దగ్గర కుర్చీ ఉంది, ఫ్యాన్ ఉంది, కానీ నేల మీద ఉన్నానని ఆయనకు దిగులు. ఆటలో తొండకు గోడలెక్కడం వచ్చని తెలిసిన రోజు ఆయన ముఖం చూడాల్సింది. ఇక ఆయన ఎవరినీ కొట్టలేదు. దిగడం, ఎక్కడం, కూర్చోవడం, అంతే. ఇద్దరం ఒక జట్టు కాబట్టి ఎప్పుడూ ఓడేవాళ్లం.

మా యారాలు, అంటే మా బావ భార్య, నల్లగండ్ల నుంచి వచ్చి మమ్మల్ని చూసి ముక్కున వేలేసుకుంది.

“ఏందే చెల్లే, పోరగాండ్ల లెక్క? మీకు సిగ్గు షరం లేదా?”

“వదినా, ఒక్కసారి పట్టు రిమోటు,” అన్నాడు మా ఆయన.

“పడత, నీ నెత్తి మీద పగలగొట్టనీకె పడత.”

వచ్చినప్పుడల్లా ఆయన అడగడం, ఈమె తిట్టడం. అది వాళ్లిద్దరి ఆట.

ఆయన పోయిన రోజు బిడ్డ ఇంట్లో లేదు, స్నేహితురాలి పెళ్లికి వెళ్లింది. వచ్చేసరికి ఇంటి నిండా జనం. టీవీలో ఆట ఇంకా వెలుగుతోంది, ఎవరికీ ఆపడం తెలియక. తనే ఆపింది. మర్నాడు వైర్లన్నీ పీకి, మిషిన్ డబ్బాలో పెట్టి సజ్జ మీదికి తోసేసింది. వంటింట్లో నా పక్కన నిలబడి, గోడకు చెప్పినట్టు చెప్పింది.

“కొట్లాట ఆటనే అది. జోష్‌ల గుండె ఆగిపోయింది. నేను తేకపోతె నాయిన ఉంటుండె.”

దవాఖానలో గుండె ముందే పాడైపోయిందన్నారని చెప్పాను. వినలేదు. నా మనిషి పోయాడు, ఆ ఏడుపు నాది, నేను ఏడుస్తాను. కానీ ఈ పిల్ల తండ్రిని తనే చంపుకున్నానని బతుకంతా మోస్తే? ఆ భయంతోనే నాకు నిద్ర పట్టలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. అది తీరుస్తామని ఒక్కొక్కరు మాట ఇస్తూ ఉండాలి. అప్పటిదాకా ఎవరూ మెతుకు ముట్టరు. మాంసం పెట్టాం, కల్లు పెట్టాం, బీడీల కట్ట పెట్టాం. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి.

మా బావ ముందుకొచ్చాడు. “తమ్మీ, బిడ్డ పెండ్లి ఫికర్ పెట్టుకోకు, నేనున్న.”

ఒక కాకి అటు తిరిగి కూర్చుంది.

“కల్లు పుల్లగున్నదేమో,” అన్నారు ఎవరో.

నాకు తోచింది చేశాను. బిడ్డ చెవిలో, “మిషిన్ కిందికి దించుతనని చెప్పు” అన్నాను.

“అమ్మా, అందరి ముందట ఏందే!”

“చెప్పు.”

ఎండ నెత్తి మీదికి వచ్చింది. పిల్లలు ఆకలికి నసుగుతున్నారు. చివరికి బిడ్డ తల దించుకుని, “దించుత నాయినా. ముట్టు” అంది. కాకి తీగ మీది నుంచి గోడ మీదికి వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది.

మా యారాలికి షుగరు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఇక ఆమె వల్ల కాలేదు. కొంగు బొడ్లో దోపి ముందుకు నడిచింది.

“ఓ మరిదీ! ఇంకేం గావాలె నీకు? నేను ఆడాల్నా? ఆడుత తియ్! నీ రిమోటు పట్టుకుని ఆడుత! ఇగ రా, ఈడ నేను కండ్లు తిరిగి పడేటట్టున్న!”

కాకి వచ్చి ఆకు మీద వాలింది. పెద్ద ముక్క చూసి మరీ పట్టుకుపోయింది.

ముందుగా మా బావకు నవ్వొచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత అందరం నవ్వాం, కళ్లు తుడుచుకుంటూనే. మా యారాలు మాత్రం “ఏమంటినే నేను” అని నెత్తి కొట్టుకుంది.

పిట్టకిచ్చిన మాట తప్పకూడదు. దినాలు అయిపోయాక ఒక ఆదివారం ఆమె తనే వచ్చింది.

“దించవే బిడ్డా. ఒక్క ఆట ఆడి పోత. మాట తీరిపోతది.”

పెద్దమ్మ మాట ఒకటి, తనిచ్చిన మాట ఒకటి. బిడ్డ స్టూలు ఎక్కి డబ్బా దించింది. వైర్లు తగిలిస్తూ ఒకదాన్ని రెండుసార్లు తప్పు చోట గుచ్చింది. నేను చూడనట్టు ఉన్నాను.

మా యారాలు జంతువులన్నిటినీ చూసి ఎనిమిది చేతులున్నదాన్ని పట్టుకుంది.

“గీ చేతులు నాకుంటె బోళ్లు తోముడు ఎప్పుడో అయిపోతుండె.”

నేను నా గుడ్డేలుగు. బిడ్డ రెక్కల చేప. నాలుగోదాన్ని ఆట తనే ఎంచుకుంది. తొండ వచ్చి నిలబడింది.

బిడ్డ ఆపేయబోయింది. మా యారాలు చేయి పట్టుకుంది. “ఉండనియ్. పిలిస్తె వచ్చిండు.”

ఆట మొదలైంది. తొండ బిల్డింగుల వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా వచ్చి మా యారాలి ఎనిమిది చేతులనూ ఒక్కటిగా పట్టుకుని, ఆమెను తీసుకెళ్లి ఒక షాపింగ్ మాల్‌లోకి విసిరింది.

“ఓ మరిదీ! గిన్నేండ్లు వదినా వదినా అని, గిప్పుడు గిట్ల కొడ్తవా? నా చేతి చారు తాగి పెద్దగైనవ్‌ర నువ్వు!”

“అక్కా, లేచి ఉరుకు! మీద మీదికొస్తున్నది!”

“ఏ బటన్‌నే ఉరుకుడు?”

ఏదో బటన్ నొక్కింది. బస్సు ఒకటి పైకి లేచి నా గుడ్డేలుగు మూతి మీద పడింది. “నన్నెందుకు కొడ్తున్నవ్ అక్కా!” “నువ్వే అడ్డమొచ్చినవ్!” తొండ తోక తిప్పి ఇద్దరినీ కలిపి చెరువులో పడేసింది.

వెనక నుంచి గురక లాంటి చప్పుడు. చూస్తే నా బిడ్డ. నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని మంచం మీదికి ఒరిగింది. అంత నవ్వూ కాసేపటికి ఏడుపైంది. తల నా ఒళ్లో పెట్టుకుంది.

“ఇది నాయిన కాదే. నాయిన ఎవ్వర్ని కొట్టడు.”

“గదే నేను చెప్పేది. ఆనాడు కొట్లాటనే లేదు బిడ్డా.”

తల ఎత్తింది. “మరి?”

“ఎప్పటి లెక్కనే. ఎక్కి కూసున్నడు. దిగు అంటె దిగలే, ఊరు చూసుకుంట కూసున్నడు. జోష్ లేదు, గీష్ లేదు. గంత నిమ్మళంగ నేనే ఎన్నడు కూసోలే.”

“నిజంగనా?”

“నీ మీద ఒట్టు. పక్కన కూసోని తిడుతున్న నేను.”

బిడ్డ ముక్కు చీదుకుని రిమోట్ తీసుకుంది. “పెద్దమ్మా, ఉరుకుడు ఈ బటన్. నువ్వు గీ పక్కకెంచి రా, నేను పైనుంచి వస్త.” నా బిడ్డ ఆడుతుంటే మొదటిసారి సరిగ్గా చూశాను. ఉత్తగా జీతం ఇవ్వడం లేదు వాళ్లు. ముగ్గురం కలిసి ఆ తొండను ఊరవతల దాకా తరిమి కొట్టాం. మా యారాలు మంచం ఎక్కి నిలబడి కేకలు పెడితే కింద కిరాయికి ఉండేవాళ్లు పైకొచ్చారు.

ఒక్క ఆటతో మాట తీరిపోతుందన్న మనిషి, “ఇది లెక్కకు రాదు, నాకు బటన్లు తెల్వకుండె, ఇంకోటి పెట్టు” అంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నల్లగండ్ల నుంచి మా బావ ఆమెను బండి మీద దింపి పోతున్నాడు. మిషిన్ మళ్లీ సజ్జ ఎక్కలేదు.

బిడ్డా, ఆనాడు నా ఒళ్లో తల పెట్టుకున్నప్పుడు నేను చెప్పింది ఏడుపులో సగమే విన్నావేమో అని, ఇప్పుడు అంతా నీ చేతనే రాయించాను. అగో, మీ పెద్దమ్మ రిమోట్ పట్టుకుని తయారుగా కూర్చుంది, ఇంకా ఎంతసేపని గొణుగుతోంది. ఆగమను. షురూ చేసే ముందు ఇదంత ఒకసారి గట్టిగ చదివి వినిపియ్యి బిడ్డా.