పడమటి గోడ

మొన్న మా చర్చికి వెల్ల వేద్దామని డ్రమ్ములో సున్నపురాళ్ళు పోసి నీళ్ళు వదిలారు. రాళ్ళు బుసబుసా పొంగి, ఆ ఆవిరి గొంతులో పడగానే నాకు పెంటమ్మ అవ్వ యాదికొచ్చింది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ పోయే తోవలో, అపార్ట్‌మెంట్ల నడుమ పొట్టిగా ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటి మనిషి ఆమె. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది.

నా భర్త బిల్డింగ్ పనిలో పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. సైదాబాద్‌లో గది ఖాళీ చెయ్యమన్నారు. చంటిపిల్లను చంకనేసుకుని పని అడుగుతూ ఆ ఇంటికి పోయి, తల ఎత్తి నడిచానేమో, దర్వాజ నుదుటికి కొట్టుకుంది. లోపల మంచం మీది ముసలమ్మ కదలను కూడా లేదు. "వంగి రా పిల్లా. గీ దర్వాజ ఎవ్వలకోసం లెవ్వది" అంది. కిరాయి వద్దు, ఇంటి పని చూసుకో అని ఎడ్లకొట్టంలో నిలిచి ఉన్న సగం నాకు ఇచ్చింది. మిగతా సగం ఎప్పుడో కూలి మట్టికుప్పై ఉంది.

ఆ ఇంటి కథ ఆమె నేను ఊడుస్తుంటే చెప్పేది, తోముతుంటే చెప్పేది. ఆమె అత్తగారి మామ కట్టించాడట. మంచం పట్టేంత మందం మట్టిగోడ. ఒక వరుస పెట్టి, అది ఎండితేనే దాని మీద ఇంకో వరుస. నడిమిట్ల ఆకాశం కనబడే వాకిలి. నాలుగు దిక్కుల గూనపెంకల మీది వాన ఆ వాకిట్లో పడి ఒకే రాతికాలువలో బయటికి పోయేది. అర్రలో నేల కింద గింజలు దాచే పాతర. నిజాం కాలంలో లెవీ అని గింజలు గుంజుకుపోను వచ్చినవాళ్ళ కంటపడకుండా జొన్నలు అందులోనే దాచారట. పాతర మీద మంచం, మంచం మీద బాలింత. "బాలింతను లేపే మొగోడు ఏ సర్కార్ల ఉంటడే" అని నవ్వేది.

అట్లాంటి మనిషి కూడా ఒక తప్పు చేసింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, పిల్లలు మట్టికొంప అని వెక్కిరిస్తుంటే రోషమొచ్చి, రోడ్డు వైపున్న పడమటి గోడకు సిమెంటు పూయించింది. మట్టిగోడ తాగిన తడిని మళ్ళీ బయటికి వదలాలి. సిమెంటు వదలనివ్వలేదు. నేను వచ్చేసరికి గోడ లోపలి వైపు పొట్టలా ఉబ్బింది. అవ్వ మరిది కొడుకుకు ఆ జాగా బిల్డర్‌కు ఇవ్వాలని ఉంది. ఇల్లు కూలేటట్టుందని మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. సార్లు వచ్చి చూసి ప్రమాదమని రాస్తే ఇల్లు పోయినట్టే. ఆమెకు ఇల్లు, నాకు నీడ.

ఇంతలో తెలంగాణ సమ్మె వచ్చింది. ఆఫీసులు బంద్, బస్సులు బంద్. సార్లు కూడా హైవే మీదే వంటావార్పు చేస్తున్నారు. సమ్మె ముగిసేలోపు గోడ బాగుపడాలి. మేస్త్రీలంతా ఊళ్ళకు పోయారు. అవ్వ పార నా చేతికిచ్చి సిమెంటు కొట్టెయ్యమంది.

పెచ్చులు ఊడుతుంటే తడిసిన సిమెంటు వాసన ముక్కుకు తగిలింది. పని నుంచి వచ్చిన నా భర్త చొక్కా వాసన అది. పార పట్టుకునే కూలబడ్డాను. ఆయన పోయిన దినం నుంచి ఎవరడిగినా బాగున్నాననే చెప్పాను, ఒక్క చుక్క రాల్చలేదు. ఆ రోజు ఆగలేదు. అవ్వ దగ్గరికి వచ్చింది. ఓదారుస్తుందనుకున్నాను.

"ఏడ్వు" అంది. "ఏడ్వు గని చెయ్యి ఆపకు."

ఏడుస్తూనే కొట్టాను. కూలిన కొట్టం మట్టినే నానబెట్టి తొక్కాం, పాత గోడకు పాత మట్టే అతుకుతుందని. మట్టిలో కలపను గడ్డి కావాల్సి వచ్చింది. హైవే మీద జనం కూర్చోవడానికి పరిచిన వరిగడ్డిని పొద్దుగూకాక మోపు కట్టి తెమ్మంది. "తెలంగాణ కూసున్న గడ్డి. గోడ ఎట్ల పడతదో చూస్త" అంది. మా బోరు ఎండితే పక్క అపార్ట్‌మెంట్ కృష్ణా జిల్లా ఆవిడ పైపు అందించి, "మీ గోడకి మా నీళ్ళు వాడుకోండి పిన్నిగారూ" అంది. "కొట్లాటంత నీళ్లకోసమే గదమ్మా, తే" అని అవ్వ పైపు అందుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. మట్టి ఆరాక మీద సున్నం వేశాం.

సమ్మె అయిపోయింది, సారు వచ్చాడు. వెనక మరిది కొడుకు. అవ్వ పోయి పడమటి గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చుంది.

"తట్టు సారూ. పడితే ముందు నా మీదనే పడతది."

సారు తట్టాడు. ఇంకోచోట తట్టాడు. గోడను చూశాడు, ఆమెను చూశాడు. "ఉండనియ్యి" అని వెళ్ళిపోయాడు.

తెలంగాణ వచ్చాక కూడా ఆ గోడకే ఆనుకుని కూర్చునేది. ఆమె పోయాకే ఇల్లు పోయింది. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ ఉంది.

మొన్న చర్చిలో పనివాడు ఉబ్బిన గోడ మీదే వెల్ల వెయ్యబోయాడు. ముందు గీకమన్నాను. వినకపోతే కొంగు దోపుకుని గీకుడుపట్టీ నేనే తీసుకున్నాను. సున్నపు ఘాటుకో దేనికో కళ్ళ నుంచి ధారలు.

"ఏడుస్తున్నవా అమ్మా?" అన్నాడు.

"చెయ్యి ఆపలేదు గద" అన్నాను.