మర్యాదకు పడొద్దు

మొన్న వీడియో కాల్‌లో నా వెనక దండెం మీద ఆరేసిన తెల్ల ప్యాంటు, మందపాటి తెల్ల చొక్కా చూసి మీరిద్దరూ ఒకటే నవ్వు. "అమ్మమ్మా, అవి తాతవా?" అని అడిగారు. తాతవి కావు, నావే. వద్దంటుందని మీ అమ్మకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు. పుణెలో మీకు సెలవులే కదా, తీరిగ్గా వినండి.

తాతకు పక్షవాతం వచ్చింది మీకు తెలుసు. దవాఖాన నుంచి సాతంరాయిలో మన ఇంటికి తెచ్చుకున్నాక కుడి కాలూ చెయ్యీ మెల్లమెల్లగా కదలడం మొదలుపెట్టాయి. రోజూ లేపి నిలబెట్టాలి, నాలుగడుగులు వేయించాలి, లేకపోతే మనిషి మంచానికే అతుక్కుపోతాడు అన్నాడు డాక్టరు. మీ అమ్మ ఒకతన్ని పెట్టింది. మంచివాడే, పని తెలిసినవాడే. కానీ అతని చెయ్యి తగిలితే చాలు, మీ తాత కట్టెలా బిగుసుకుపోయేవాడు. "వాడు నన్ను వడ్ల బస్తా లెక్క లేపుతుండు" అని నామీద విసుక్కునేవాడు. వారం తిరక్కముందే అతను మానేశాడు.

ఇక మిగిలింది నేను. మీ తాత ఎత్తు మీకు తెలుసు, నా సంగతీ తెలుసు. చెయ్యి పట్టుకుని పైకి లాగేదాన్ని. సగం లేచి మళ్లీ కూలబడేవాడు. ఒకరోజు ఇద్దరం కలిసే కింద పడ్డాం. ఆయన మోచేతి చర్మం లేచిపోయింది, నా నడుము పట్టేసింది. ఆ తర్వాత తాత లేవడానికి ఒప్పుకోలేదు.

"నన్ను లేపబోయి నువ్వు గూడ మంచంల పడితే, ఇద్దరికి ఎవరు జేస్తరే?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొలం గట్ల మీద అంతంత అంగలేసి నడిచిన మనిషి. నేను వెనక నుంచి "జర ఆగు" అని అరుస్తుంటే వినిపించుకోని మనిషి. ఆ మనిషి వీపు మాత్రమే చూస్తూ అన్నం కలిపి పెట్టడం నావల్ల కాలేదు.

మందులకని రోడ్డు మీదికి వెళ్లినప్పుడు చూశాను ఆ షెడ్డును. సగం ఎత్తిన షట్టర్ లోపల, నీలం మ్యాట్ల మీద తెల్లబట్టలేసుకున్న పిల్లలు పడుతున్నారు. పడి, దొర్లి, నవ్వుతూ లేస్తున్నారు. ఒక్కరికీ దెబ్బ తగలడం లేదు. సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపలి నుంచి నేర్పించే సారు వచ్చి, "ఎవరికోసమైనా వచ్చారా అమ్మా?" అన్నారు.

"ఇక్కడ పడుడు నేర్పుతరా సారూ?"

"మొదట నేర్పేది అదేనమ్మా" అన్నారాయన.

గోదావరి వైపు మనిషి. ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టు పని. ప్రతి మాటా తూచి మాట్లాడతారు. దీన్ని ఐకిడో అంటారట, జపాన్ వాళ్ల విద్య. నా వయసు, నడుము సంగతి, తాత సంగతి అన్నీ అడిగారు. డాక్టరు సరేనంటేనే రమ్మన్నారు. తర్వాత ఇలా అన్నారు: "ఎదుటివాణ్ని ఓడించడం దీని పని కాదమ్మా. అతను వచ్చే దారికి అడ్డం నిలబడకుండా, ఆ దారిలోనే కలిసి నడిచి, ఇద్దరూ దెబ్బ తగలకుండా బయటపడటం."

"గంతేనా? పెండ్లయినప్పటి సంది నేను జేస్తున్నది గదే గదా" అన్నాను. ఆయన నవ్వారు.

అలా చేరాను. తాతకు ఉదయం టీ ఇచ్చి, పక్కింటామెను కాసేపు చూడమని చెప్పి వెళ్లేదాన్ని. అక్కడ క్లాసు చీపురుతో మొదలవుతుంది. సారుతో సహా అందరూ మ్యాట్లు ఊడ్చి, తడిగుడ్డతో తుడుస్తారు. మొదటిరోజు క్యాబ్ నడిపే అబ్బాయి ఒకడు నా చేతిలో చీపురు లాక్కుని, "నువ్వు కూసో పెద్దమ్మా, మేమున్నం గదా" అన్నాడు. సారు అటు తిరగకుండానే, "చీపురు ఆవిడకివ్వండి. ఊడవడం కూడా పాఠమే" అన్నారు. నాకు అది బాగా నచ్చింది. వాకిలి ఊడవకుండా నాకెప్పుడైనా తెల్లవారిందా?

ముందు పడటం నేర్పారు. పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, మెల్లగా వెనక్కి ఒరగడం. చేతులతో నేలను పట్టుకోకూడదట. పడేటప్పుడు నేలతో కొట్లాడితే నేలే గెలుస్తుందట. మా షెడ్డు మీద నుంచి విమానాలు బాగా కిందికి దిగుతాయి కదా, సారు మాట మధ్యలో ఆగి, అది పోయేదాకా కళ్లు మూసుకుని నిలబడి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేవారు.

పడటం తొందరగానే వచ్చింది. కొట్టడమే రాలేదు. మనం కొట్టబోతేనే కదా, ఎదుటివాళ్లు తప్పుకోవడం నేర్చుకునేది? సారు నా ముందు నిలబడి, "నా నెత్తి మీద కొట్టండమ్మా" అన్నారు. విద్య చెప్పే మనిషి నెత్తి మీద ఎలా కొట్టను? చెయ్యి ఎత్తడం గట్టిగానే ఎత్తాను. దిగేటప్పటికి అది మెత్తబడి, అరచెయ్యి తెరుచుకుని, ఆయన జుట్టు మీద వాలింది. పిల్లలంతా నవ్వు ఆపుకోలేకపోయారు.

"మీరు దీవించారమ్మా. సంతోషం" అన్నారు సారు. "కానీ దీవెన నుంచి నేనెలా తప్పుకోను? నిజంగా రండి. ఎదుటి మనిషికి మనమిచ్చే గౌరవం అదే."

తల ఊపాను కానీ ఆ మాట నాకు ఎక్కలేదు. ఆ పిల్లలకూ ఎక్కలేదు. క్యాబ్ అబ్బాయి నా మణికట్టు పట్టుకునే ముందు వంగి నా కాళ్లకు మొక్కేవాడు. తర్వాత నా గాజులు ఎక్కడ చిట్లుతాయోనన్నట్టు రెండు వేళ్లతో పట్టేవాడు. నేను కాస్త పక్కకు తిరిగితే చాలు, ధబ్బుమని పడేవాడు. ఎయిర్‌పోర్టులో ఆడవాళ్లను తనిఖీ చేసే సెక్యూరిటీ పిల్ల ఒకతి ఉంది, చేతులు ఉక్కు. ఆమె కూడా నేనిలా అంటే అలా పడేది. నాకు ఎంత సంబరమో! ఇంటికొచ్చి తాత వీపుకు చెప్పేదాన్ని.

"ఇయ్యాల ముగ్గురిని పడగొట్టిన."

"ఏందే, పహిల్వాన్‌వి అయినవా?" అని గోడకే చెప్పేవాడు.

ఆ ధైర్యంతోనే ఒకరోజు బతిమాలి మంచం అంచున కూర్చోబెట్టాను. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. షెడ్డులో తిరిగినట్టే పక్కకు తిరిగి పైకి తీశాను. మనిషి కదల్లేదు. గట్టిగా లాగాను. లేచినట్టే లేచి, వెనక్కి గుంజుకోబోయి మొత్తం బరువుతో నామీదికి ఒరిగాడు. ఇక పడతామని తెలిసిపోయింది. గడ్డం ఆనించి, వీపు గుండ్రంగా చేసి, ఆయన తలను నా పొట్టకేసి పట్టుకుని మంచం పక్కనే నేల మీదికి జారాను.

కాసేపు ఇద్దరం ఫ్యాను చూస్తూ పడుకున్నాం.

"తాకిందా నీకు?" అన్నాడు.

"లే. నీకు?"

"నాకు గూడ లే. మరి నీ విద్య ఏమాయె?"

"ఏమో. అక్కడ గిట్ల తిరిగితే అందరు పడుతరు."

"నిన్ను అవ్వ అంటరా వాళ్లు?"

"కొందరు అవ్వ అంటరు, కొందరు పెద్దమ్మ అంటరు."

"కాళ్లు మొక్కుతరా?"

"ఒక్కడు మొక్కుతడు."

"ఇగ గంతే. వాళ్లు నీకు మర్యాదకు పడుతున్నరే పిచ్చిదానా." గొంతు తగ్గించి అన్నాడు. "నాకు భయమైతది. భయమున్నోడు మర్యాద జెయ్యడు."

పెళ్లయిన ఇన్నేళ్లలో భయమన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఆయన చెయ్యి అలాగే పట్టుకున్నాను. తర్వాత పక్కింటామెను కేకేస్తే, భర్తను తీసుకొచ్చి తాతను మంచం మీదికి చేర్చింది.

మర్నాడు షెడ్డులో ఊడవడం అయ్యాక సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. తాత మాటతో సహా.  ఆయన అందరినీ కూర్చోబెట్టారు.

"మీరు ఈవిడకు గౌరవమిస్తున్నామనుకున్నారు. నేనూ చూసి ముచ్చటపడి ఊరుకున్నాను. ఇంట్లో ఈవిడ చెయ్యి పట్టుకునే మనిషి నిజంగా పట్టుకుంటారు. ఇవాళ్టి నుంచి మీరూ అలాగే పట్టుకోండి. నొప్పి పెట్టమనడం లేదు. అబద్ధం ఆడొద్దంటున్నాను."

సెక్యూరిటీ పిల్లను నా ముందుకు పంపారు. అది నా మొహం చూసి నీరుగారిపోయింది.

"అవ్వా, నాకు పాపం తగుల్తది."

"నీ పాపం నాకియ్యి బిడ్డా. మా ఆయన పట్టినట్టు పట్టు."

"తాత ఎట్ల పడుతడు?"

"బాయిల పడేటోడు మోకు పట్టుకున్నట్టు."

అప్పుడు పట్టింది. అమ్మో, ఆ పట్టు! తిరిగాను, లాగాను, గుంజాను. పాతిన గుంజలా నిలబడింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎన్ని ఉదయాలో అంతే. క్యాబ్ అబ్బాయి మొక్కడం మాత్రం మానలేదు, మొక్కి లేచి "మాఫ్ జెయ్యి పెద్దమ్మా" అని మరీ బిగించి పట్టేవాడు. ఒక్కరూ పడలేదు. మీ అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నేను పొడుగుచేతుల జాకెట్టు వేసుకున్నది ఆ రోజుల్లోనే, కమిలిన మణికట్టు కనిపించకుండా. మానేద్దామనిపించిన రోజులు లేకపోలేదు. కానీ ఇంటికి పోతే ఆ వీపు కనపడేది.

ఒకరోజు సారు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. "ఇవాళ మీరు మీ ఆయన. ఆయన పట్టినట్టే నన్ను పట్టుకోండి. లేవకండి" అన్నారు. నాకు తెలిసినంత గట్టిగా పట్టుకున్నాను. ఆయన లాగలేదు. ఇంకా దగ్గరికొచ్చి, నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కిందికి కూర్చుని, చేతిని మెల్లగా తనవైపు, కొద్దిగా కిందికి తీసుకెళ్లారు, నేల మీద పడ్డదేదో చూపిస్తున్నట్టు. ఏం పడిందా అని నేనూ వంగాను. నా బరువంతా పాదాల మీదికొచ్చింది. ఆయన లేచారు. చూస్తే నేనూ నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"ఇంకొక్కసారి చెయ్యిర్రి సారూ" అన్నాను. మళ్లీ అంతే.

"లేవాలంటే ముందు వంగాలమ్మా. మీరు ఆయన్ని పైకి లాగుతున్నారు. భయంతో ఆయన వెనక్కి లాగుతున్నారు. మీరే ఆయన దగ్గరికి వెళ్లండి. ఆయన్ని మీ దగ్గరికి రానివ్వండి. లేవడం ఆయనే చూసుకుంటారు."

పొయ్యి మీది నుంచి పెద్ద అన్నం గంజు దింపేటప్పుడు మనం చేసేదదే కదా! చేతులు చాపి ఎత్తం, ముందు పొట్ట దగ్గరికి తెచ్చుకుంటాం. వంటింట్లో తెలిసింది మంచం దగ్గర తెలియలేదు.

ఇంటికొచ్చి పొట్టి స్టూలు తెచ్చి, గోడవైపున్న ఆ వీపు వెనక వేసుకుని కూర్చున్నాను.

"ఒక్కసారి లెవ్వు. పడితే ఇద్దరం పడదాం. పడుడు ఎట్లాగూ నాకొచ్చింది."

 మెల్లగా ఇటు తిరిగాడు. కూర్చోబెట్టి, ఆయన పాదాలు మంచం కిందికి కాస్త వెనక్కి జరిపాను. స్టూలు ముందుకు లాక్కుని మోకాలికి మోకాలు ఆనించాను. మణికట్టు ఇచ్చాను. పట్టుకున్నాడు, బావిలో మోకు పట్టుకున్నట్టే. నేను లాగలేదు.

"నా పాదాలు చూడు" అన్నాను.

"ఏముంది నీ పాదాలకు? పగుళ్లు."

"ఎన్నున్నయో చూడు మరి."

చూడ్డానికి వంగాడు. వంగిన బరువు నా చేతిలోకి వచ్చింది, దానితో పాటే నేనూ లేచాను. మంచం కిర్రుమంది. ఇద్దరం ఊగాం, నేను దగ్గరగా ఉన్నాను కనుక ఆయనకు ఆనుకోవడానికి నేనున్నాను, నాకు ఆయన. ఊగడం ఆగింది. నా నెత్తి పైనుంచి గొంతు వినిపించింది.

"నీ పాపిట అంత తెల్లగైందేందే?"

మంచం మీద నుంచి నా పాపిట కనపడదు. తలెత్తి చూడబోతే, "కదలకు, జర సేపు గట్లనే ఉండు" అన్నాడు. అలాగే ఉన్నాను. మణికట్టు మీద ఆయన వేళ్లు ఒక్కొక్కటే వదులైనట్టు తెలుస్తూనే ఉంది. నేను వదిలించుకోలేదు. ఆయనే వదిలాడు, బొటనవేలు ఒక్కటి తప్ప.

ఇప్పుడు రోజూ గేటు దాకా వస్తాడు. గడప దగ్గర మాత్రం ఇంకా మోకు పట్టే. గేటు పట్టుకుని దిగే విమానాలు చూస్తూ, ఎక్కడి నుంచి వచ్చిందో తనకే తెలిసినట్టు చెబుతాడు. నేను నమ్మినట్టు ఉంటాను, అంత మర్యాద ఆయనకు చెల్లుతుంది.

మీరు వచ్చినప్పుడు ఇద్దరూ నా మణికట్టు పట్టుకోవాలి, మీకెంత బలముంటే అంత. అమ్మమ్మ కదా అని పడిపోతే ఊరుకోను. తాతను మాత్రం చెయ్యి పట్టుకుని లాగకండి. ఎదురుగా దగ్గరగా కూర్చుని మీ పాదాలు చూపించండి. పగుళ్లు లేవు, ఇవేం పాదాలని వంక పెడతాడు. పెడుతూనే లేస్తాడు.