ఆపితే ఆగే టీవీ

మా బావ అన్నం తింటూ కంప్యూటర్ల గురించి మాట్లాడే తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. పప్పు అంటిన వేళ్లను గాలిలో ఆడిస్తూ ర్యామ్, హార్డ్ డిస్క్, ట్యూనర్ కార్డ్ అని ఒక్కొక్కటే చెప్పుకుపోయేవాడు. మెతుకులు చాప మీద రాలేవి. వాటిని ఎత్తేది నేను.

అవి రెండు వేల దశకం చివరి రోజులు. మణుగూరు దగ్గర బొగ్గు గని కాలనీలో, కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బాపు, అమ్మ, నేను. నేను కాలనీలోనే ఒక ప్రైవేటు బడిలో టీచర్‌ని. అక్కను సారపాకలో ఇచ్చాం. బావ అక్కడ కాంట్రాక్టు పని చేస్తూ ఖాళీ దొరికితే కంప్యూటర్లు బిగించేవాడు. ఆదివారం వచ్చిందంటే అక్కను వెంటబెట్టుకుని మా ఇంట్లో దిగేవాడు. ఇక ఆ పూట టీవీ ముందున్న మంచం ఆయనది, రిమోట్ ఆయనది. మిగతావాళ్లం ఎక్కడ కూర్చుంటామన్నది ఆయనకు పట్టని సంగతి.

బాపుకు చెవులు పోయాయి. గని లోపల ఏళ్ల తరబడి డ్రిల్లు మిషన్ పట్టి ఒక చెవి, పేలుళ్లు విని రెండోది పోయాయని ఆయనే చెప్పేవాడు. చివరికి పైకి తీసుకొచ్చి సర్ఫేస్ మీద తేలిక పని ఇచ్చారు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే నాలుగు మాటల్లో రెండు అందేవి. కానీ రోజంతా గొంతు చించుకునే ఓపిక ఇంట్లో ఎవరికుంది? నలుగురం కూర్చుని నవ్వుకుంటుంటే బాపు మా మొహాలు వరసగా చూసి, "ఏందే? ఏమన్నడు?" అనేవాడు. "ఏం లేదు" అని చెయ్యి ఊపేవాళ్లం. మా ఇంట్లో అన్నం, నీళ్లు అన్న మాటల తర్వాత ఎక్కువగా వాడింది ఆ మాటే అయి ఉంటుంది.

ఒక సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "ఆపితే ఆగే టీవీ కావాలె" అన్నాడు. తోటి కార్మికుడి ఇంట్లో చూశాడట. కేబుల్ ఆయన కొత్తగా కిరాయికి ఇస్తున్న పెట్టె అది. నడుస్తున్న బొమ్మను మీట నొక్కి ఆపొచ్చు, మళ్లీ అక్కడి నుంచే చూడొచ్చు, కావాలంటే రికార్డు చేసుకోవచ్చు. మాట వినపడని మనిషికి రికార్డింగ్ ఎందుకని అమ్మ నాతో అంది. బాపు ఎన్నడూ నోరు తెరిచి ఒకటి కావాలని అడిగినవాడు కాదు కాబట్టి, ఎందుకైతే ఏమిటి తెద్దాం అన్నాను.

ఆదివారం ఈ సంగతి వినగానే బావ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"కిరాయి పెట్టెనా? ఏం గతిలేక? నెలనెలా కిరాయి కట్టుడు, ఆఖర్కి పెట్టె వానిదే. నేను కంప్యూటర్ బిగిస్త. టీవీకే కలుపుత. కార్డు ఏస్తే కేబుల్ వస్తది, రికార్డు అయితది, సిన్మాలు పెట్టుకోవచ్చు. ఇల్లే థియేటర్ అయితది."

సరిగ్గా అప్పుడే కేబుల్ ఆయన వచ్చాడు. ఇక చూడాలి ఇద్దరి వాదన.

"మా పెట్టె ఖరాబైతే మేమే మారుస్తం. నీ కంప్యూటర్ ఖరాబైతే ఎవరొస్తరన్నా?" అన్నాడు కేబుల్ ఆయన.

"నేనొస్త."

"సారపాక నుంచా?"

బాపు ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చుని, ఎవరి నోరు కదిలితే అటు తల తిప్పుతున్నాడు. టీవీ ఆయన కోసమని ఇద్దరికీ గుర్తులేదు. కాస్త సందు దొరకగానే, "ఆపితే ఆగుతదా?" అని అడిగాడు.

బావ ఆయన చెవి దగ్గరికి వంగి, "ఆపుడేంది మామా, వందల సిన్మాలు పడ్తయ్" అని అరిచాడు.

"కాకా, మీరు పండుకున్నా అదే రికార్డు చేస్తది" అని కేబుల్ ఆయన ఇంకో చెవిలో అరిచాడు.

అడిగినదానికి జవాబు ఇద్దరూ చెప్పలేదు. బాపు మళ్లీ అడగలేదు. అల్లుడి మాటే చెల్లింది.

ఆ కంప్యూటర్ ఇంటికొచ్చాక నేను పడ్డ అసహ్యం ఇంతా అంతా కాదు. టీవీ కింద నల్లటి డబ్బా, దాని వెనక పేగులు బయటపడ్డట్టు వైర్లు. ఫ్యాన్ రొదకు పక్క గదిలో పిల్లల పరీక్ష పేపర్లు కూడా దిద్దలేకపోయేదాన్ని. ఇంట్లో ఆ రొద బాధలేనిది బాపు ఒక్కడికే. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము సంగతి మా కాలనీలో అందరికీ తెలిసిందే. తీగ మీద బట్టలు ఆరేలోపే నల్లబడతాయి. ఆ దుమ్మునంతా ఈ డబ్బా లోపలికి పీల్చుకునేది. ఒకసారి అది మాటిమాటికీ ఆగిపోతుంటే పక్క మూత విప్పి చూశాను. మసిలాంటి బొగ్గు పొడి, దాంట్లో ఎండిపోయిన బల్లి. బావకు ఫోన్ చేస్తే "దులిపెయ్" అన్నాడు.

బాపు మాత్రం దానితో ఓపిగ్గా కుస్తీ పట్టేవాడు. మౌస్‌ను తొడ మీద పెట్టుకుని జరిపేవాడు. తెర మీద బాణం ఎక్కడుందో వెతుక్కునేసరికి ఆయనకు కావలసింది ఏదో దాటిపోయేది. దానికి తోడు బావ తన సినిమాలన్నీ అందులో నింపి పెట్టాడు. చోటు లేదని ఇంగ్లీషులో ఒక పట్టీ వచ్చి తెర అడుగున కూర్చునేది. ఎంత తీసేసినా మళ్లీ వచ్చేది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వచ్చాను. ఓపెన్‌కాస్ట్‌లో పేలుడు జరిగి కిటికీలు గలగలలాడుతున్నాయి. బాపు టీవీకి జానెడు దూరంలో గొంతుక్కూర్చుని, తెర అడుగున వేలు పెట్టి పెదాలు కదుపుతున్నాడు. అది మా ఊరి కేబుల్ చానెల్. పైన ఏదో పాత సినిమా, కింద అక్షరాల వరస పరుగెడుతోంది. చీరల కొట్టు, తప్పిపోయిన బర్రె, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎవరివో దశదిన కర్మలు. బాపు వయసులో ఉన్నప్పుడు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఒక మాట పూర్తయ్యేలోపు అది తెర అంచు దాటిపోతోంది. వేలు మళ్లీ మొదటికి వస్తోంది.

"ఏం జదువుతున్నవ్ బాపు?" అని చెవిలో అరిచాను.

"ఎవరన్న పోయిండ్రేమోనని."

నాకు అర్థం కాలేదు. పక్కన కూర్చున్నాను. టీవీ మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"మొన్న ఎండకాలం నా జోడీ పోయిండు గదా."

బాపు గనిలో చేరిన కొత్తలో ఇద్దరిద్దరు కలిసి బొగ్గు నింపేవాళ్లు. అలా కలిసి పనిచేసే మనిషిని జోడీ అనేవాళ్లు. బాపు జోడీ రిటైరై బూర్గంపాడు వెళ్లిపోయాడు. ఆయన పోయిన కబురు మాకు ఆలస్యంగా అందిందనే అప్పటిదాకా అనుకున్నాను.

"గా దినం గీడ్నే కూసున్న. కింద ఆయన పేరు పోతున్నట్టు కనపడ్డది. సగం జదివిన, ఎల్లిపోయింది. మళ్లొచ్చింది, మళ్ల ఎల్లిపోయింది. మీ బావ పక్కనే ఉండె. ఏందది, జర జదువు అన్న. ఏం లేదు మామా అన్నడు. గట్లనా అని ఊకున్న. దినాలు అయినంక గని కాడ చెప్పిండ్రు. నువ్వెందుకు రాలేదని అడిగిండ్రు."

మళ్లీ తెర అడుగున వేలు పెట్టి, "ఆపితే నేనే చదువుకుంట బిడ్డా. ఎవ్వర్నీ అడిగే పని లేదు" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మంట పుట్టింది. ఆ సాయంత్రమే కేబుల్ ఆయన్ని పిలిపించి పెట్టె పెట్టించాను. కంప్యూటర్‌ను వైర్లతో సహా గోనెసంచిలో కట్టి గుమ్మం పక్కన పెట్టాను.

ఆదివారం బావ ఆ సంచిని చూసి మొహం మాడ్చుకున్నాడు. "కిరాయి పెట్టె ఎన్నటికైనా వానిదే" అని మొదలుపెట్టాడు.

"వానిదైనా ఆపితే ఆగుతది బావా" అన్నాను. బాపు జోడీ పేరు చెప్పి, ఆ రోజు టీవీలో వచ్చింది ఎందుకు చదివి పెట్టలేదని అడిగాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఎప్పుడు? నాకు యాదికి లేదు" అన్నాడు. అబద్ధమాడి ఉంటే అంత అసహ్యం వేసేది కాదు. నిజంగానే గుర్తులేదు. పెరుగు అడిగి మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ సినిమా కూడా ఒక్క వరసన నడవలేదు. హీరో చెయ్యెత్తిన చోట ఆగేది, పెళ్లికూతురు తల వంచిన చోట ఆగేది. బాపు తెర ముందుకు జరిగి, అడుగున ఆగిన వరసను తీరిగ్గా చదువుకుని, మీట నొక్కేవాడు. రిమోట్ ఆయన బనియన్ జేబులోనే ఉండేది. బావ మంచం మీద అటూ ఇటూ దొర్లి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులు బాపుకు వినపడవు కదా.

ఒక ఆదివారం సినిమా చివరి ఫైటింగ్‌లో బాపు బొమ్మ ఆపాడు. ముందుకు జరిగి, తెర అడుగున వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. బాపు అంతగా నవ్వడం చూసి చాలా ఏళ్లయింది. ఆయన వీపు అడ్డం ఉండడంతో మాకెవరికీ అక్షరాలు కనపడటం లేదు. బావ మెడ చాచి చూశాడు, కుదరలేదు. ఇక ఉండబట్టలేక బాపు భుజం తట్టాడు.

"ఏంది మామా? ఏం రాసిండ్రు?"

బాపు వెనక్కి తిరిగి బావ నోటి వైపు చూశాడు. అడిగింది అర్థమైందని ఆయన కళ్లలో తెలిసింది.

"ఏం లేదు అల్లుడా" అని చెయ్యి ఊపి, మీట నొక్కాడు.